పెళ్లయినా, కడుపుతో ఉన్నా చదువు హక్కు పోదు: చిన్న వయసు తల్లుల కోసం ఒక కరదీపిక

బాల్య వివాహాన్ని అధికారులు ఆపితే అది వార్త అవుతుంది. మరుసటి రోజు పేపర్లో ఫొటో వస్తుంది. ఆపలేకపోయిన పెళ్లి గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. ఆ అమ్మాయి పేరు బడి రిజిస్టర్లో కొన్నాళ్లు ఉంటుంది, తర్వాత ఎర్ర సిరాతో కొట్టేస్తారు. ఏడాది తిరిగేసరికి ఆమె అంగన్‌వాడీ రికార్డులో గర్భిణిగా కనిపిస్తుంది. విద్యాశాఖ లెక్కలో ఆమె డ్రాపౌట్, ఆరోగ్యశాఖ లెక్కలో హైరిస్క్ కేసు, పోలీసు లెక్కలో బాధితురాలు. విద్యార్థిగా ఆమెను లెక్కలోకి తీసుకునే శాఖ ఒక్కటీ ఉండదు.

ఆ లోటు గురించే ఈ వ్యాసం. పద్దెనిమిదేళ్లు నిండకముందే గర్భం దాల్చిన అమ్మాయిలు, చంకలో బిడ్డతో ఉన్న చిన్న వయసు తల్లులు చదువు కొనసాగించడానికి చట్టంలో ఏముంది, ఏది లేదు, కార్యకర్తలుగా విద్యార్థి సంఘాలుగా మనం ఏం చేయవచ్చు అన్నది ఒకచోట పెట్టాలన్నది మా ప్రయత్నం. బాల్య వివాహాన్ని ఆపే పని ఆగకూడదు. కానీ ఆపలేకపోయిన చోట ఆ అమ్మాయిని అక్కడితో వదిలేయడం రెండో అన్యాయం అవుతుంది.

లెక్కలు ఏం చెబుతున్నాయి

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 20 నుంచి 24 ఏళ్ల మధ్య వయసు మహిళల్లో 18 నిండకముందే పెళ్లయినవారు దేశవ్యాప్తంగా 23.3 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. సర్వే నాటికి 15-19 ఏళ్ల వయసులో తల్లులుగానో గర్భిణులుగానో ఉన్నవారు దేశంలో 6.8 శాతం కాగా, తెలంగాణలో 5.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 12.6 శాతం. అంటే ఆంధ్రప్రదేశ్‌లో ఆ వయసు అమ్మాయిలు వంద మందిలో పన్నెండు మందికి పైగా. పెద్ద రాష్ట్రాల్లో పశ్చిమ బెంగాల్ ఒక్కటే దీనికంటే పైన ఉంది.

ఇదే సర్వేలో మరో సంగతి కూడా ఉంది. అసలు బడికి వెళ్లని అమ్మాయిల్లో చిన్న వయసు గర్భాలు, పన్నెండేళ్లు చదివినవారితో పోలిస్తే కొన్ని రెట్లు ఎక్కువ. పేద కుటుంబాల్లో, పల్లెల్లో ఎక్కువ. ఈ అంకెల్ని చాలామంది "చదువుకుంటే పెళ్లి ఆలస్యమవుతుంది" అని చదువుతారు. అది నిజమే. కానీ వెనక నుంచి కూడా చదవాలి. బడి దూరమైన అమ్మాయికి పెళ్లి దగ్గరవుతుంది. పెళ్లయిన అమ్మాయికి బడి మూసుకుపోతుంది. బడి మూసుకుపోయిన తల్లి బిడ్డకు మళ్లీ అదే దారి ఎదురవుతుంది. ఈ చక్రాన్ని పెళ్లికి ముందే కాదు, పెళ్లి తర్వాత కూడా ఆపవచ్చు.

ఇది కులం ప్రశ్న ఎందుకంటే

చిన్న వయసు పెళ్లి అన్ని కులాల్లోనూ ఉంది. దాని తర్వాత ఏం జరుగుతుందన్నదే కులాన్ని బట్టి మారుతుంది. భూమి, డబ్బు ఉన్న ఇంట్లో అమ్మాయిని ప్రైవేటుగా పరీక్ష రాయించే దారి ఉంటుంది. పిల్లను చూసుకునే మనిషి ఉంటుంది. కూలికి వెళ్తేనే పొయ్యి వెలిగే వాడలో అమ్మ, అత్త ఇద్దరూ పొద్దున్నే పనికి పోతారు. బాలింత ఇంట్లో ఒంటరిగా మిగులుతుంది. పత్తి ఏరడానికి, మిరప కోతకు, ఇటుక బట్టీకి వలస వెళ్లే కుటుంబాలు ఎదిగిన ఆడపిల్లను ఊళ్లో ఎవరి దగ్గర వదలాలో తెలియక పెళ్లి చేసేస్తాయి. ఆ భయం వెనక నిజమైన కారణం ఉంది. దళిత బాలికపై ఆధిపత్య కులాల మగవాళ్ల లైంగిక దాడికి శిక్ష పడటం ఎంత అరుదో ఆ తల్లిదండ్రులకు తెలుసు. వాళ్లను "అవగాహన లేనివాళ్లు" అని తేల్చేసే ముందు, ఆ అమ్మాయికి ఏ రక్షణ ఉందని వాళ్లు ధైర్యంగా ఆగగలరో మనం అడగాలి.

జోగిని వ్యవస్థ కొనసాగిన ప్రాంతాల్లో ఈ ప్రశ్న మరీ పాతది. దళిత బాలికలను దేవుడి పేరుతో ఊరికి అప్పగించే ఆచారాన్ని 1988లో చట్టం చేసి నిషేధించారు. ఆ ఇళ్లలో పుట్టిన పిల్లలు బడిలో చేరేటప్పుడు "తండ్రి పేరు" గడి దగ్గరే ఎన్నో ఏళ్లు ఆగిపోయారు. చిన్న వయసు తల్లుల పిల్లలకూ ఇదే గడి అడ్డొస్తుంది. దాని సంగతి కింద చెబుతాం.

బయటకు పంపేది కాగితం కాదు

గర్భిణి అయిన విద్యార్థినిని బడి నుంచి తీసేయాలని మన చట్టాల్లో ఎక్కడా లేదు. అందుకే ఆమెను తీసేస్తూ ఎవరూ ఉత్తర్వు ఇవ్వరు. "మిగతా పిల్లలు చెడిపోతారు", "తల్లిదండ్రులు గొడవ చేస్తారు", "ఇక్కడేమన్నా అయితే మాదా బాధ్యత?", "టీసీ తీసుకుపోండి, డెలివరీ అయ్యాక చూద్దాం" - మాటలు ఇలా ఉంటాయి. రిజిస్టర్లో మాత్రం "దీర్ఘకాలంగా గైర్హాజరు" అని రాస్తారు. అప్పుడు అమ్మాయి తనంతట తానే మానేసినట్టు అవుతుంది. కాగితం లేకపోతే అప్పీలూ ఉండదు.

కాబట్టి కార్యకర్తలు చేయాల్సిన మొదటి పని ఇది: నోటి మాటను కాగితం మీదికి తేవడం. టీసీ తీసుకోమని ఒత్తిడి చేస్తే తీసుకోవద్దు. బడిలో కొనసాగుతానని అమ్మాయి పేరున, తల్లిదండ్రుల సంతకంతో ఒక దరఖాస్తు ఇచ్చి, దాని నకలు మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. తిరస్కరిస్తే కారణం రాసి ఇవ్వమని అడగాలి. ఇవ్వకపోతే అదే దరఖాస్తును రిజిస్టర్డ్ పోస్టులో హెడ్‌మాస్టర్‌కు, మండల విద్యాధికారికి, జిల్లా విద్యాధికారికి పంపాలి. తిరస్కరణకు కారణం రాసి సంతకం పెట్టడానికి వెనకాడే బడి, తన దగ్గర నిబంధన లేదని ఒప్పుకున్నట్టే.

విద్యాహక్కు చట్టం ఎంతవరకు వస్తుంది

2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు, ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు వర్తిస్తుంది. ఇందులో మనకు పనికొచ్చే సెక్షన్లు ఇవి.

సెక్షన్ 4 ప్రకారం మధ్యలో మానేసిన బిడ్డను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. 14 ఏళ్లు దాటినా ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేవరకు ఉచితంగానే చదివించాలి. సెక్షన్ 5 ప్రకారం మరో బడికి మారే హక్కు ఉంది, టీసీ ఆలస్యమైందన్న సాకుతో ప్రవేశం ఆపకూడదు. అత్తవారి ఊరికి వెళ్లిన అమ్మాయికి ఇది ముఖ్యం. సెక్షన్లు 8, 9 ప్రకారం, ఎస్సీ, ఎస్టీ పిల్లలు సహా అణగారిన వర్గాల బిడ్డలపై వివక్ష జరగకుండా, ఏ కారణంతోనూ వారి చదువు ఆగకుండా చూడటం ప్రభుత్వం, స్థానిక సంస్థల బాధ్యత. సెక్షన్ 16 ప్రకారం ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేలోపు ఏ బిడ్డనూ బడి నుంచి బహిష్కరించకూడదు. సెక్షన్ 17 మానసిక వేధింపును నిషేధించింది. ప్రార్థన సమయంలో నిలబెట్టి ఆమె గురించి మాట్లాడటం, తరగతిలో వేరుగా కూర్చోబెట్టడం దీని కిందికే వస్తాయి. సెక్షన్ 32 కింద స్థానిక అధికారికి ఫిర్యాదు చేస్తే మూడు నెలల్లో తేల్చాలి. అక్కడ న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు వెళ్లవచ్చు.

చిక్కు ఎక్కడంటే, ఎక్కువ మంది అమ్మాయిలు చదువు మానేసేది తొమ్మిది, పది, ఇంటర్ దశలో. అక్కడికి ఈ చట్టం రాదు. ఆ దశలో మనకు ఆధారం రాజ్యాంగమే. అందరూ సమానమనే 14వ అధికరణ, కులం, లింగం కారణంగా వివక్ష కూడదన్న 15వ అధికరణ, గౌరవంగా బతికే హక్కునిచ్చే 21వ అధికరణ, ఎస్సీ, ఎస్టీల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో కాపాడమన్న 46వ అధికరణ. గర్భం ఆడపిల్లకే వస్తుంది కాబట్టి, గర్భం పేరుతో బడి మాన్పించడం లింగ వివక్షే. ఆ పనికి కారణమైన అబ్బాయి అదే ఊళ్లో కాలేజీకి పోతూ ఉంటే ఆ వివక్ష కళ్లముందే కనిపిస్తుంది.

పెళ్లి నుంచి బయటపడే దారి

2006 బాల్య వివాహాల నిషేధ చట్టం కింద, చిన్నతనంలో జరిగిన పెళ్లిని రద్దు చేయమని ఆ అమ్మాయి జిల్లా కోర్టును లేదా ఫ్యామిలీ కోర్టును కోరవచ్చు. మేజర్ అయిన తర్వాత రెండేళ్లలోపు, అంటే 20 ఏళ్లు నిండేలోపు ఈ పిటిషన్ వేయాలి. మైనర్‌గా ఉండగానే వేయాలంటే సంరక్షకులు లేదా ఆమె తరఫున నిలబడే మరొకరు, బాల్య వివాహాల నిషేధ అధికారితో కలిసి వేయాలి. రద్దయినా ఆమెకు మళ్లీ పెళ్లయ్యేవరకు భరణం, నివాసం ఇప్పించే అధికారం కోర్టుకు ఉంది. పుట్టిన బిడ్డ అన్ని విధాలా చట్టబద్ధ సంతానమే. ఈ చట్టం కింద ఏ మహిళకూ జైలు శిక్ష వేయకూడదు. కాబట్టి "ఫిర్యాదు చేస్తే మీ అమ్మను జైల్లో పెడతారు" అన్న బెదిరింపు అబద్ధం.

ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. జిల్లా కోర్టు ప్రాంగణంలోనే ఆ కార్యాలయం ఉంటుంది. ఫోన్ నంబర్ 15100.

పెళ్లిలో ఉండాలా బయటికి రావాలా అన్నది ఆ అమ్మాయే తేల్చుకోవాలి. ఆమె ఏది తేల్చుకున్నా చదువు హక్కు అలాగే ఉంటుంది. పెళ్లి రద్దు చేసుకుంటేనే బడి అనడం, పెళ్లయింది కాబట్టి బడి లేదనడం, రెండూ తప్పే.

పోక్సో: రక్షణ, భయం

2012 పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారితో లైంగిక సంబంధం నేరం, అమ్మాయి ఇష్టంతో పనిలేదు. భార్య అయినా మినహాయింపు లేదని 2017 అక్టోబరు 11న ఇండిపెండెంట్ థాట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త భారతీయ న్యాయ సంహిత కూడా ఈ వయసును 18గానే ఉంచింది. నేరం గురించి తెలిసినవారు పోలీసులకు చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు. డాక్టరూ టీచరూ కార్యకర్తా అందరూ ఇందులోకి వస్తారు.

అత్యాచారానికి గురైన బాలికకు ఇది ఆయుధం. నిందితుడు ఎస్సీ, ఎస్టీయేతరుడైతే అత్యాచారాల నిరోధక చట్టం కింద కూడా కేసు పెట్టించాలి. 2015 సవరణతో వచ్చిన సెక్షన్ 15ఏ ప్రకారం విచారణ కాలంలో బాధితురాలికి ప్రయాణ, పోషణ ఖర్చులు, సామాజిక ఆర్థిక పునరావాసం ఇవ్వాలి. చదువు కొనసాగింపును ఈ పునరావాసంలో భాగంగా రాతపూర్వకంగా అడగాలని మా సూచన. 2020 పోక్సో నియమాల ప్రకారం బాలల సంక్షేమ కమిటీ సహాయకురాలిని కేటాయించవచ్చు. తిండి, బట్టలు, ప్రయాణం వంటి తక్షణ అవసరాలకు ప్రత్యేక సాయాన్ని సిఫారసు చేయవచ్చు. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 2023లో పోక్సో బాధిత గర్భిణి బాలికల సంరక్షణ కోసం నిర్భయ నిధితో ఒక పథకం కూడా తెచ్చింది. జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో దీని గురించి అడగాలి.

కానీ ప్రేమించి వెళ్లిపోయిన, లేదా పెద్దలే పెళ్లి చేసిన అమ్మాయిల విషయంలో ఇదే చట్టం మరోలా పనిచేస్తుంది. ఆసుపత్రికి వెళ్తే భర్త మీద కేసవుతుందని గర్భాన్ని దాస్తారు. మొదటి మూడు నెలల పరీక్షలు పోతాయి. అమ్మాయిది ఆధిపత్య కులం, అబ్బాయిది దళిత కుటుంబం అయినప్పుడు పోక్సో కేసు పరువు పగ తీర్చుకునే సాధనంగా మారడం మనకు తెలియనిది కాదు.

ఇక్కడ రెండు తీర్పులు గుర్తుపెట్టుకోవాలి. 2022 సెప్టెంబరు 29న గర్భస్రావ హక్కుపై ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, మైనర్, ఆమె సంరక్షకులు కోరితే డాక్టరు పోలీసులకు ఇచ్చే సమాచారంలో ఆమె పేరు, ఇతర వివరాలు చెప్పనక్కర్లేదని స్పష్టం చేసింది. 2021 సవరణ ప్రకారం మైనర్లకు 24 వారాల వరకు గర్భస్రావానికి వీలుంది. 20 వారాలు దాటితే ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి. మైనర్ అయితే సంరక్షకుల రాతపూర్వక అంగీకారం ఉండాలి. బిడ్డను కనాలని ఒత్తిడి చేయడం ఎంత తప్పో, వద్దని ఒత్తిడి చేయడం కూడా అంతే తప్పు.

రెండోది, 2025 మే 23న పశ్చిమ బెంగాల్ కేసులో వచ్చిన తీర్పు. చిన్న వయసులో తల్లి అయిన ఆ అమ్మాయిని చట్టం, సమాజం, కుటుంబం అన్నీ విఫలం చేశాయని కోర్టు గుర్తించింది. శిక్ష వేస్తే ఆమె జీవితమే మరింత కూలుతుందని 142వ అధికరణ కింద నిందితుడికి శిక్ష విధించలేదు. అంతకంటే మనకు ముఖ్యమైనది మరొకటుంది. ఆమె పదో తరగతి వరకు, ఇష్టపడితే డిగ్రీ వరకు చదివే ఏర్పాట్లు చేయమని రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. చిన్న వయసు తల్లి చదువు రాజ్యం బాధ్యత అని అత్యున్నత న్యాయస్థానమే చెప్పిన సందర్భమిది. ప్రతి జిల్లాలో, ప్రతి బాలల సంక్షేమ కమిటీ ముందు దీన్ని ఉదహరించవచ్చు.

తిండి, వైద్యం

రక్తహీనతతో బాధపడే 16 ఏళ్ల అమ్మాయికి కాన్పు ప్రాణం మీదికి తెచ్చే విషయం. గుర్రపు వాతం, ఇన్ఫెక్షన్లు, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం ఈ వయసులో ఎక్కువ. అలాంటి అమ్మాయికే ప్రధానమంత్రి మాతృ వందన యోజన డబ్బు రాదు. ఆ పథకానికి కనీస వయసు నిబంధన ఉంది, మైనర్లు అందులోకి రారు. కానీ 2013 జాతీయ ఆహార భద్రతా చట్టం సెక్షన్ 4 "ప్రతి గర్భిణికీ, పాలిచ్చే తల్లికీ" ఉచిత భోజనం, రూ.6,000కు తగ్గకుండా ప్రసూతి సాయం ఇవ్వాలంది. ప్రభుత్వ ఉద్యోగుల వంటివారిని తప్ప ఎవరినీ మినహాయించలేదు. వయసు మాట అందులో లేదు. చట్టం ఇచ్చినదాన్ని పథకం మార్గదర్శకాలు లాక్కోవడం ఇది. బాల్య వివాహాలను ప్రోత్సహించకూడదన్నది ప్రభుత్వ వాదన కావచ్చు. కానీ ఆ ఆరు వేల కోసం పెళ్లి చేసుకునే పదిహేనేళ్ల అమ్మాయి ఎవరూ లేరు. శిక్ష పడుతున్నది పెళ్లి చేసినవాళ్లకు కాదు, ఆమె కడుపుకు.

అంగన్‌వాడీ భోజనం, గుడ్లు, పాలు, ఐరన్ మాత్రలు మాత్రం వయసుతో సంబంధం లేకుండా అందాలి. తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి పేరుతో అంగన్‌వాడీలోనే ఒక పూట పూర్తి భోజనం పెడుతున్నారు. బడికి వెళ్లే గర్భిణికి ఆ వేళ కుదరదు. ఆమె వాటాను ఇంటికి ఇచ్చేలా, లేదా బడి వేళల తర్వాత ఇచ్చేలా అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌తో మాట్లాడి ఒప్పించాలి.

హాస్టల్ తలుపు

దళిత అమ్మాయిల చదువులో సాంఘిక సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు, కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల పాత్ర ఎంత పెద్దదో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాల్లో 75 శాతం సీట్లు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలకే. బడి మానేసిన ఆడపిల్లలను మళ్లీ చదివించడం వీటి ఉద్దేశం. అందుకే ఇక్కడ తలుపు మూసుకుంటే మనవాళ్లకు వేరే తలుపు ఉండదు.

2019లో తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీల ప్రవేశ ప్రకటనలో పెళ్లికాని అమ్మాయిలే అర్హులని పెట్టారు. పెళ్లయినవాళ్లుంటే వారి కోసం భర్తలు వస్తారని, తోటి విద్యార్థినుల దృష్టి మళ్లుతుందని అప్పట్లో వివరణ వచ్చింది. దేశమంతా విమర్శలు వచ్చాయి. ఒక్క షరతుతో, చిన్నప్పుడే పెళ్లి చేయబడ్డ దళిత అమ్మాయి రెండుసార్లు నష్టపోతుందని అప్పుడు వెలుగులోకి వచ్చింది. ఆనాటి వాదన మన బడుల్లో, హాస్టళ్లలో ఇంకా నోటిమాటగా బతికే ఉంది. ఇలాంటి షరతు ఏ ప్రకటనలో కనిపించినా వెంటనే సవాలు చేయాలి.

రోజూ ఇంటి నుంచి వచ్చి చదువుకునే అవకాశం, పాలిచ్చే తల్లికి ఒక గది, ప్రాంగణం దగ్గర్లో శిశు సంరక్షణ కేంద్రం అసాధ్యమైన కోరికలు కావు. మిషన్ శక్తి కింద పాల్నా పథకంలో ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అంగన్‌వాడీతో కలిపి క్రెష్‌లు పెట్టే వీలు ఉంది. వాటిని ఉన్నత పాఠశాలలు, జూనియర్ కాలేజీల పక్కన పెట్టమని అడగాలి.

తిరిగి చదువులోకి: ఏయే దారులు

మొదటి దారి అదే బడి, అదే తరగతి. తోటిపిల్లలతో కలిసి చదవడానికి సాటి వచ్చేది లేదు. అందుకే ఓపెన్ స్కూల్‌ను మొదటి సలహాగా చెప్పొద్దు. ఆమెను బడి నుంచి వదిలించుకోవడానికి చాలాసార్లు అదే సాకు అవుతుంది.

అది నిజంగా కుదరనప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ ఓపెన్ స్కూల్ సొసైటీలు ఉన్నాయి, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది. పదో తరగతికి 14 ఏళ్లు, ఇంటర్‌కు 15 ఏళ్లు నిండితే చాలు. జాతీయ సంస్థలో ఒకసారి చేరితే ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్ష రాసుకోవచ్చు. ఒక్కో సబ్జెక్టే పూర్తి చేసుకుంటూ పోవచ్చు. తెలంగాణ ఇంటర్ బోర్డు ఆర్ట్స్ గ్రూపుల్లో కాలేజీకి వెళ్లకుండా ప్రైవేటుగా రాసేందుకు హాజరు మినహాయింపు ఇస్తుంది. డిగ్రీకి 1982లో హైదరాబాద్‌లో మొదలైన, దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. దానికి అంబేడ్కర్ పేరు ఉంది.

డిగ్రీ, పీజీ చదివేవారికి హాజరు సడలింపు, ప్రసూతి సెలవుపై నియమాలు చేసుకోమని యూజీసీ 2021 డిసెంబరులో విశ్వవిద్యాలయాలకు లేఖ రాసింది. 2023లో ఢిల్లీ హైకోర్టు, చదువా తల్లితనమా ఏదో ఒకటే ఎంచుకోమని మహిళను బలవంతపెట్టకూడదని తీర్పు చెప్పింది. కేరళ 2023 జనవరిలో 18 ఏళ్లు నిండిన విద్యార్థినులకు 60 రోజుల వరకు ప్రసూతి సెలవు ఇచ్చింది. మీ విశ్వవిద్యాలయంలో అలాంటి నియమం ఉందో లేదో విద్యార్థి సంఘాలు సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టి అడగవచ్చు. అయితే ఇవన్నీ పెద్ద చదువుల సంగతి. అందరికంటే చిన్న తల్లి ఉన్న చోట, అంటే బడిలో, హాజరు సడలింపు ఆమె హక్కుగా ఎక్కడా రాసి లేదు.

కాగితాలు జాగ్రత్త

చదువు ఆగిపోయేది చాలాసార్లు కాగితం దగ్గరే. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చవద్దు. బడి రికార్డుల్లో, ఆధార్‌లో ఒకటే పేరు ఉండాలి. పెళ్లితో కులం మారదు. ఆమె కుల ధ్రువీకరణ పుట్టింటి వివరాలతోనే వస్తుంది, కులాంతర వివాహమైనా సరే.

బిడ్డ తండ్రి ముందుకు రాకపోయినా జనన ధ్రువీకరణ ఆపకూడదు. అవివాహిత తల్లి అఫిడవిట్ ఇస్తే చాలని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. తండ్రి ఆధిపత్య కులస్థుడైనా, బిడ్డ దళిత తల్లి దగ్గర, ఆ వాడలోనే, ఆ వివక్షలోనే పెరిగితే తల్లి కులం పొందవచ్చని 2012లో రమేష్‌భాయ్ దభాయ్ నాయికా కేసులో అదే కోర్టు తీర్పునిచ్చింది. తహసీల్దారు కార్యాలయంలో ఈ తీర్పు పేరు చెప్పాలి.

కార్యకర్తల కోసం ఒక వరస

ముందు అమ్మాయితో ఒంటరిగా, ఆమె నమ్మే ఒక మహిళ మాట్లాడాలి. ఏం కావాలో ఆమెనే అడగాలి. పేరు, ఊరు, ఫొటో ఎక్కడా బయటపెట్టొద్దు, వాట్సాప్ గ్రూపుల్లో కూడా. పోక్సో సెక్షన్ 23 ప్రకారం అది నేరం. రిపోర్టు చేయాల్సిన బాధ్యత మనకు ఉందన్న సంగతి ఆమెకు మొదటే చెప్పాలి, తర్వాత తెలిస్తే మోసపోయాననుకుంటుంది.

ఆమెకు రక్షణ అవసరమైతే 1098కి ఫోన్ చేసి బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్లాలి. హోమ్‌కు పంపితే చదువు అక్కడే ఆగిపోకుండా కమిటీ ఉత్తర్వులోనే బడి పేరు రాయించాలి. మిషన్ వాత్సల్య స్పాన్సర్‌షిప్ కింద నెలకు రూ.4,000 సాయం కోసం దరఖాస్తు చేయించాలి.

తర్వాత క్యాలెండర్ వేసుకోవాలి. కాన్పు తేదీ ఎప్పుడు, పరీక్షలు ఎప్పుడు, మధ్యలో ఎన్ని వారాలు బడి పోతుంది. మార్చిలో పది పరీక్షలు, ఫిబ్రవరిలో కాన్పు అయితే సప్లిమెంటరీకి ముందే సిద్ధం కావాలి. పరీక్ష కేంద్రంలో కింది అంతస్తులో సీటు, బిడ్డకు పాలివ్వడానికి వెసులుబాటు ముందుగా రాసి అడగాలి. ఆ వారాల్లో నోట్సు తెచ్చిపెట్టే ఒక స్నేహితురాలు, వారానికి రెండు సాయంత్రాలు చదువు చెప్పే వాడలోని డిగ్రీ విద్యార్థిని ఏ పథకం కంటే తక్కువ కాదు. శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో మొదలుపెట్టిన బ్రిడ్జి కోర్సులు చదువు మానేసిన పిల్లలు కొన్ని నెలల్లో వయసుకు తగిన తరగతికి చేరగలరని చూపించాయి. ఆ అనుభవం మన దగ్గరే ఉంది.

ఇంట్లో అత్తమామలతో, భర్తతో మాట్లాడేటప్పుడు బెదిరింపు కంటే లెక్క పనిచేస్తుంది. పది పాసైతే ఏ ఉద్యోగాలకు అర్హత వస్తుంది, బిడ్డ ఆరోగ్యం ఎలా ఉంటుంది, రెండో కాన్పు కొన్నేళ్లు వాయిదా వేస్తే ఎంత మేలు. ఈ చివరి మాట ఏఎన్‌ఎంతో చెప్పించాలి.

బయట ఏం జరిగింది

ఇది మన సమస్య ఒక్కటే కాదు. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ 2015లో గర్భిణి బాలికలను బడికి రావద్దని ప్రకటించింది. 2019 డిసెంబరులో ఆ ప్రాంతీయ న్యాయస్థానం అది వివక్ష అని తేల్చింది. 2020 మార్చిలో ప్రభుత్వం నిషేధం ఎత్తేసింది. టాంజానియా 2021 నవంబరులో తన నిషేధాన్ని ఉపసంహరించుకుంది. జమైకాలో 1978 నుంచి నడుస్తున్న మహిళా కేంద్రం గర్భిణి విద్యార్థినులకు పాఠాలు, కౌన్సెలింగ్, బిడ్డలకు సంరక్షణ ఇచ్చి తిరిగి బడికి పంపుతోంది.

ఆ దేశాల్లో నిషేధం కాగితం మీద ఉంది కాబట్టి కోర్టుకు ఎక్కి కొట్టేయించగలిగారు. మన దగ్గర నిషేధం నోటిలో ఉంది. దాన్ని కొట్టేయాలంటే దానికి ఎదురుగా ఒక ఉత్తర్వు రావాలి.

మనం అడగాల్సినవి

రెండు తెలుగు రాష్ట్రాల విద్యాశాఖలు ఒక స్పష్టమైన జీవో ఇవ్వాలి. గర్భం, పెళ్లి, తల్లితనం కారణంగా ఏ విద్యార్థినికీ టీసీ ఇవ్వకూడదని, ప్రవేశం నిరాకరించకూడదని, కాన్పుకు ముందూ వెనకా హాజరు సడలించాలని అందులో ఉండాలి. సంక్షేమ హాస్టళ్లు, గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలకు అది వర్తించాలి. ప్రసూతి సాయంలో వయసు నిబంధన తీసేయాలి. బాల్య వివాహం జరిగిందని నమోదైన ప్రతి చోటా ఆ అమ్మాయి చదువుతోందా లేదా అన్నది కూడా నమోదు చేయాలి. ఏటా కులాల వారీగా ఆ లెక్క బయటపెట్టాలి.

సావిత్రిబాయికి తొమ్మిదేళ్ల వయసులో, 1840లో పెళ్లయింది. ఆమె చదువు మొదలైంది ఆ తర్వాతే. 1848లో పుణెలో ఆడపిల్లల బడిలో టీచరైంది. 1863లో, గర్భం దాల్చి దిక్కులేక మిగిలిన వితంతువుల కోసం జోతిరావుతో కలిసి తన ఇంటి దగ్గరే ఆశ్రయం నడిపింది. అక్కడ పుట్టిన ఒక బిడ్డను పెంచుకుని డాక్టరును చేసింది. ప్రతి జనవరి 3న ఆమె ఫొటోకు దండ వేసే బడుల్లోనే పెళ్లయిన అమ్మాయికి టీసీ చేతిలో పెడుతున్నారు. వచ్చే జనవరి 3న ఆ జీవో డిమాండ్‌ను ప్రతి మండల విద్యాధికారి చేతిలో పెడదాం.